నల్ల జుట్టుకు రంగు, బ్లీచ్: పార్లర్‌లో పని మొదలుపెట్టేవాళ్ళకి

కలరింగ్ నేర్చుకుంటానని వచ్చే పిల్లలు మొదట అడిగే ప్రశ్న "ఏ కంపెనీ ట్యూబు మంచిదక్కా?" అని. ఆ సంగతి తర్వాత చూద్దాం. రంగు ఎట్లా వస్తుందో ముప్పాతిక వంతు తేల్చేది కుర్చీలో కూర్చున్న మనిషి జుట్టులో అప్పటికే చేరి ఉన్న సరుకు. పాత డై, గోరింటాకు, బోరు నీళ్ళ ఉప్పు, రోజూ పెట్టే స్ట్రెయిటెనర్ వేడి, అన్నీ అందులోనే ఉంటాయి. ఫోన్‌లో చూసే విదేశీ వీడియోల్లో తలలు చాలా వరకు పుట్టుకతోనే లేత రంగు జుట్టువి, వాటికి పావుగంటలో వచ్చే షేడ్ మన కర్నూలు తలకు రెండు సిట్టింగులు చేసినా రాకపోవచ్చు. ఈ ఒక్క సంగతి ముందు ఒప్పుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది, కస్టమర్‌కి ఏం మాట ఇవ్వాలో, ఏం ఇవ్వకూడదో కూడా తెలుస్తుంది.

ముందు జుట్టు చరిత్ర రాబట్టండి

"ఇంతకు ముందు కలర్ వేయించారా?" అని అడిగితే "లేదక్కా" అనే అంటారు. అబద్ధం అనుకోకండి, వాళ్ళ లెక్కలో మెహందీ కలర్ కాదు, పదిహేను రోజులకోసారి తెల్లవెంట్రుకలకు రాసుకునే నల్ల పొడి కలర్ కాదు, షాంపూలాగా రుద్దుకునే డై అసలే కాదు. అందుకని పేరుపేరునా అడగాలి. గోరింటాకు పెడతారా, రుబ్బిందా పొట్లంలో పొడా, పొడి అయితే ఎర్రదా నల్లదా, స్ట్రెయిటెనింగ్ చేయించారా, జుట్టు నున్నబరిచే కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించారా, తలకు ఏ నూనె, ఏ నీళ్ళు.

మన వైపు బాగా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: "చివరిసారి గుండు ఎప్పుడు చేయించుకున్నారు?" తిరుమలలోనో ఇంటి దేవుడి దగ్గరో తలనీలాలు ఇచ్చిన ఏడాది మన జనానికి బాగా గుర్తుంటుంది. ఆ తర్వాత పెరిగిన జుట్టు గురించి మాత్రమే మీరు ఆరా తీస్తే చాలు, అంతకు ముందుది దేవుడికి పోయింది. గుండు లేనివాళ్ళకు లెక్క వేరు. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది కాబట్టి అడుగున్నర పొడవు జుట్టు చివర మూడు నాలుగేళ్ళ కిందటిది. అప్పుడెప్పుడో అక్క పెళ్ళికి పెట్టించుకున్న మెహందీ మనిషి మర్చిపోయినా ఆ చివర మర్చిపోదు.

అడగడం అయ్యాక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. ట్యూబ్‌లైట్ కింద అన్ని తలలూ ఒకేలా ఉంటాయి. ఒక పాయ తీసి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే కుదుళ్ళ దగ్గర మామూలు జుట్టు, వెలుతురు పడిన అంచున కొంచెం గోధుమ రంగు మెరుపు ఉంటుంది. డై పడిన భాగం సిరా పూసినట్టు నల్లగా, మెరుపు లేకుండా చదునుగా కనిపిస్తుంది. మెహందీ పడిన చివర్లలో ఎర్రటి ఛాయ బయటపడుతుంది. ఒక్కోసారి ఒకే పాయలో మూడూ ఉంటాయి, అంటే మీరు ఒకే తలలో మూడు రకాల జుట్టుకు పని చేయబోతున్నారన్నమాట.

నీళ్ళ సంగతి ఎందుకు అడగమన్నానంటే, బోరు నీళ్ళతోనే తలంటుకునే ఇళ్ళవాళ్ళ జుట్టు వేలికి గరగరలాడుతుంది. ఇంట్లో కుళాయి చుట్టూ తెల్లటి పొర కడితే అది కాల్షియం, మెగ్నీషియం. బకెట్ అడుగున తుప్పు మరక పడితే నీళ్ళలో ఇనుము ఉంది. జుట్టు మీద చేరిన ఈ ఖనిజాల వల్ల రంగు సరిగా పట్టదు, బ్లీచ్ మచ్చలు మచ్చలుగా లేస్తుంది, ఇనుము ఎక్కువుంటే రంగులో, బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్‌తో కలిసి వేడెక్కుతుంది కూడా. అట్లాంటి తలకు ఒక రోజు ముందు ఈడీటీఏ ఉన్న చిలేటింగ్ షాంపూ, అంటే ఖనిజాలను పట్టి లాగేసే షాంపూ పెట్టి కడగండి. తుంగభద్ర నీళ్ళు వచ్చే పేటల్లో ఇంత ఇబ్బంది ఉండదు గానీ, ఎండాకాలంలో అక్కడా చాలామంది ఇంటి బోరు మీదే పడతారు.

నూనె కూడా అంతే. ముందు రోజు షాంపూతో నూనె పోవాలి, కలర్ రోజున తల మురికిగా లేకపోతే మళ్ళీ రుద్ది కడగక్కర్లేదు, కుదుళ్ళ దగ్గర ఊరే కొద్దిపాటి జిడ్డు చర్మాన్ని కాపాడుతుంది.

ప్యాచ్ టెస్ట్‌లో బేరాల్లేవు

పర్మనెంట్ కలర్లలో ఎక్కువ భాగం పారా ఫినైలిన్ డయామిన్, అదే పీపీడీ, లేకపోతే దాని చుట్టాలతో పనిచేస్తాయి. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ అనే రసాయన శాస్త్రవేత్త ఇట్లాంటి సింథటిక్ డై తయారుచేసి అక్కడి సెలూన్లకు అమ్మాడు, రెండేళ్ళకు కంపెనీ పెట్టాడు, అదే ఇప్పటి లోరియల్. డబ్బా మీద బొమ్మలు ఎన్ని మారినా లోపల కెమిస్ట్రీ చాలా వరకు అదే. కొందరి చర్మానికి పీపీడీ అస్సలు పడదు, ఇన్నేళ్ళు వాడినా ఏమీ కానివాళ్ళకు ఓ రోజు ఉన్నట్టుండి పడకుండా పోవచ్చు కూడా. అందుకే ప్రతిసారీ ప్యాచ్ టెస్ట్ చేయాలి, అంటే ముందు చర్మం మీద కొంచెం రాసి చూడాలి. చెవి వెనకో మోచేతి లోపలి మడతలోనో, డబ్బా మీద చెప్పిన విధంగా రూపాయి బిళ్ళంత రాసి 48 గంటలు చూడాలి. దురద, ఎర్రదనం, పొక్కు, వాపు వీటిలో ఏది కనిపించినా ఆ కస్టమర్‌కి ఆ కలర్ లేదు. "కొంచెమేలే అక్కా, పర్లేదు" అంటారు, వినకండి. తలంతా రాశాక కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళడం కంటే ఒక బేరం పోగొట్టుకోవడం మేలు.

నల్ల మెహందీ గురించి ఇక్కడే చెప్పాలి. అసలు గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం, అది ఇచ్చేది నారింజ-ఎరుపు మాత్రమే. గోరింటాకు తనంతట తాను నలుపు ఇవ్వదు. పొట్లం మీద "మెహందీ" అని రాసి లోపల నలుపు వస్తోందంటే అందులో పీపీడీయో ఇంకేదో కలిసిందనే లెక్క. చేతికి నల్ల మెహందీ డిజైన్ వేయించుకుని పొక్కులు వచ్చాయని ఎవరైనా చెబితే వాళ్ళ తలకు పర్మనెంట్ కలర్ జోలికి పోకండి, చర్మం డాక్టర్‌ని కలవమని చెప్పండి.

రంజాన్ ముందు రోజు రాత్రి మన కర్నూలులోనూ కడపలోనూ పార్లర్ల ముందు నిలబడే చోటుండదు. ఆ రోజు వచ్చి అప్పటికప్పుడు కలర్ అంటే 48 గంటలు ఎక్కడి నుంచి తెస్తాం? పండగలకూ శ్రావణం ముహూర్తాలకూ వారం ముందే బుకింగ్ తీసుకుని, అడ్వాన్స్ ఇచ్చిన రోజే చెవి వెనక టెస్ట్ పెట్టేయడం తేలిక దారి.

మగవాళ్ళు తల రంగు మిగిలితే మీసానికి కూడా పూయమంటారు. సీమలో మీసానికున్న మర్యాద తెలిసిందే, కాదనలేం గానీ, మీసానికి వాడొచ్చని డబ్బా మీద రాసి ఉన్నది మాత్రమే వాడండి. కనుబొమలకు, రెప్పలకు తల కలర్ ససేమిరా వద్దు.

నంబర్లు చదవడం

షేడ్ కార్డులో 1 నుంచి 10 దాకా ఉండేవి లెవెల్స్, జుట్టు ఎంత ముదురో ఎంత లేతో చెప్పే మెట్లు. 1 కారు నలుపు, 3 ముదురు గోధుమ, 5 లేత గోధుమ, 6 నుంచి బ్లాండ్ మొదలై 10 దగ్గర చాలా లేత బ్లాండ్. మన జుట్టు దాదాపుగా 1 నుంచి 3 లోపలే. ట్యూబు మీద 5.3 అని ఉంటే చుక్కకు ముందుది లెవెల్, తర్వాతది టోన్, అంటే ఛాయ. .1 యాష్ (బూడిద ఛాయ), .3 గోల్డ్, .4 కాపర్ (రాగి) అనేవి చాలా కంపెనీలకు ఒకటే, మిగతా అంకెలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి ఒకరి చార్ట్ చూసి ఇంకొకరి ట్యూబు కలపకండి.

అసలు బట్టీ పట్టాల్సింది వేరే వరుస. జుట్టు నలుపు లోపల ఎరుపు, పసుపు రంగుద్రవ్యం కూడా ఉంటుంది. నలుపును లేపుతూ, అంటే లేతగా చేస్తూ పోతే అవి ఒక్కొక్కటే బయటపడతాయి. 4 దగ్గర ఎరుపు, 5 దగ్గర ఎరుపు కలిసిన నారింజ, 6 దగ్గర నారింజ, 7 దగ్గర నారింజ-పసుపు, 8 దగ్గర పసుపు, 9 దగ్గర లేత పసుపు, 10 దగ్గర అరటిపండు తొక్క లోపలి వైపు రంగు. ఏ జుట్టయినా ఈ మెట్లన్నీ ఎక్కాల్సిందే, మధ్యలో దూకడం కుదరదు. బ్లీచ్ పెట్టిన ఇరవై నిమిషాలకు తల నారింజగా కనిపించగానే కొత్తవాళ్ళు "పాడైపోయింది" అని కంగారుపడి కడిగేస్తారు. పాడవలేదు, ఆరో మెట్టు మీద ఉంది.

కస్టమర్ ఫోన్‌లో బూడిద రంగు జుట్టున్న అమ్మాయి ఫొటో చూపించి ఇట్లా కావాలంటే మీరు లోపల లెక్క వేసుకోవాలి: ఆ రంగు నిలవాలంటే కింద 9 గానీ 10 గానీ ఉండాలి, ఈమె 2 మీద ఉంది, పైగా మెహందీ. ఒక్క రోజులో అవదు, కొన్ని తలలకు ఎన్నడూ అవదు. నా అభిప్రాయం అడిగితే మన చర్మపు ఛాయకు, మన నీళ్ళకు, మన ఎండకు 5 నుంచి 7 మధ్య ఉండే గోధుమ, తేనె, కాపర్ షేడ్లే అందంగా ఉంటాయి, పెరిగాక కూడా చూడబుద్ధవుతాయి. బ్లాండ్ పిచ్చి మూడో తలంటుకే దిగిపోతుంది.

డెవలపర్

కలర్ క్రీమునో బ్లీచ్ పొడినో పనిచేయించేది ఇదే, హైడ్రోజన్ పెరాక్సైడ్. 10 వాల్యూమ్ అంటే 3 శాతం, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. పది రంగును నింపుతుంది తప్ప పెద్దగా లేపదు. ఇరవై తెల్లవెంట్రుకలు కవర్ చేయడానికి, ఒకటి రెండు లెవెల్స్ లేపడానికి సరిపోతుంది. ముప్పై అయితే రెండు నుంచి మూడు లెవెల్స్ లేపుతుంది. నలభై మీ అల్మరాలో లేకపోతే ఏ నష్టమూ లేదు, బ్లీచ్‌తో కలిపి అది చర్మానికి తగిలితే కాలుతుంది. ఎక్కువ వాల్యూమ్ పెడితే త్వరగా అయిపోతుందన్నది ఆశే, త్వరగా పైపొర చీలుతుంది, లోపలి రంగు మాత్రం తాపీగానే కదులుతుంది. ఇరవైతో నిదానంగా లేపిన జుట్టు ముప్పైతో లేపినదాని కంటే మెత్తగా ఉంటుంది.

ఇంకో నియమం, కలర్‌ను కలర్ లేపదు. ఇప్పటికే నల్ల డై ఉన్న తల మీద 6.3 ట్యూబు పూస్తే డై లేని కుదుళ్ళు రెండంగుళాల మేర వెలిగిపోతాయి, కింద నలుపు నలుపుగానే ఉంటుంది. డై తీయాలంటే బ్లీచ్ గానీ కలర్ రిమూవర్ గానీ కావాలి.

స్ట్రాండ్ టెస్ట్

తలంతా పెట్టే ముందు కొన్ని వెంట్రుకల మీద చేసి చూసుకునేది ఇది. మెడ వెనక కనపడని చోట ఓ ఇరవై వెంట్రుకలు కత్తిరించి దారంతో కట్టండి. పొట్లాల మెహందీ వాడినవాళ్ళకు, ఏ డై వాడారో తెలియనివాళ్ళకు ముందు లోహ లవణాల (కొన్ని పొడుల్లో, డైలలో కలిసే లోహపు ఉప్పుల) పరీక్ష చేయాలి. ప్లాస్టిక్ కప్పులో 20 వాల్యూమ్ డెవలపర్ ఇరవై పాళ్ళు, అమోనియా ద్రావణం ఒక పాలు కలిపి అందులో ఈ వెంట్రుకలు అరగంట ముంచి ఉంచండి. కప్పు వేడెక్కినా, బుసబుస పొంగినా, ఘాటు వాసన కొట్టినా, వెంట్రుకలు వెంటనే రంగు మారినా, వేళ్ళ మధ్య పొడి పొడి అయినా అందులో లోహ లవణాలు ఉన్నాయి. ఆ తలకు పెరాక్సైడ్ ఉన్నదేదీ పెట్టకూడదు, ఆ భాగం పెరిగి కత్తిరించేదాకా ఆగమనాలి. అట్లా కాకుండా వెంట్రుకల రంగు కొంచెం లేతబడి ఊరుకుంటే ఫర్వాలేదు.

తర్వాత ఇంకో ఇరవై వెంట్రుకలకు మీరు వాడబోయే బ్లీచే కలిపి ఫాయిల్‌లో చుట్టి, ఐదు పది నిమిషాలకోసారి విప్పి చూస్తూ, ఏ నిమిషానికి ఏ లెవెల్ వచ్చిందో రాసుకోండి. శుద్ధమైన గోరింటాకు ప్రమాదం చేయదు గానీ నారింజ దగ్గర మొండికేస్తుంది, గంట కూర్చోబెట్టినా అంతకు మించి రాదు. ఆ సంగతి కస్టమర్‌కి డబ్బు మాట్లాడుకునే ముందు చూపించడానికి ఈ ఇరవై వెంట్రుకలే సాక్ష్యం. కడిగాక తడి వెంట్రుక ఒకటి లాగి చూడండి. ఆరోగ్యమైనది కొంచెం సాగి వదలగానే వెనక్కి వస్తుంది, చూయింగ్ గమ్‌లా సాగి అట్లాగే ఉండిపోయినా, పుటుక్కున తెగినా బ్లీచ్ వద్దు.

కలర్ పూయడం

బౌల్, బ్రష్, దువ్వెన ప్లాస్టిక్‌వే, లోహం వద్దు. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కోండి, కంటి అంచనాతో కలిపేవాళ్ళకు ఒకే షేడ్ రెండుసార్లు ఒకేలా రాదు. ట్యూబుకు డెవలపర్ ఎంత అన్నది డబ్బా మీదే ఉంటుంది, కొన్ని సమపాళ్ళు, కొన్ని ఒకటికి ఒకటిన్నర, కొన్ని ఒకటికి రెండు. నడుము దాకా జడ ఉన్న మనిషికి ఒక ట్యూబు ఎక్కడికీ రాదు, పని మధ్యలో షాపుకు పరిగెత్తే పరిస్థితి తెచ్చుకోకండి.

నుదురు నుంచి మెడ దాకా ఒక పాపిట, చెవి నుంచి చెవికి ఇంకొకటి, నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టండి. నుదుటి అంచుకు, చెవులకు వాజిలిన్ రాయండి. పాయలు అర సెంటీమీటరు మించి మందంగా తీయకండి, మన జుట్టు ఒత్తు, మందపు పాయలో లోపలిది పొడిగా ఉండిపోయి ఆరాక చారలు తేలతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది చేసే పనిని బట్టి ఉంటుంది. ఉన్నదానికంటే లేత షేడ్ మొదటిసారి వేస్తుంటే కుదుళ్ళు వదిలేసి, తలకు రెండంగుళాల దూరం నుంచి కిందికి పూయండి, కుదుళ్ళు చివర్లో. తల వేడికి కుదుళ్ళ దగ్గర రంగు తొందరగా తిరుగుతుంది, ముందే పూస్తే అక్కడ మాత్రం ఎర్రగా వెలుగుతుంది. ముదురు షేడ్ వేసేటప్పుడు, తెల్లవెంట్రుకలు కప్పేటప్పుడు ఇది తిరగబడుతుంది, కుదుళ్ళే ముందు.

తెల్లవెంట్రుక మొండిది. కణతల దగ్గర, పాపిట దగ్గర ఎక్కువ కనపడతాయి కాబట్టి అక్కడే మొదట, దట్టంగా, 20 వాల్యూమ్‌తో. సగానికి పైగా నెరిసిన తలకు 5.4 లాంటి ఫ్యాషన్ షేడ్ ఒక్కటే పెడితే తెల్లవి పలచగా, మెరిసే రాగి తీగల్లా తేలతాయి, అందుకని అదే లెవెల్ నేచురల్ షేడ్, అంటే విడిగా టోన్ లేనిది, సగం కలపండి. డబ్బా మీద చెప్పిన సమయం పూర్తిగా ఉంచాలి. ముందే కడిగేస్తే నాలుగు తలంట్లకే తెలుపు బయటపడుతుంది, నింద మాత్రం కంపెనీ మీదికి పోతుంది.

బ్లీచ్

ఇక్కడ ఓపిక కావాలి. పొడిలో ఉండేవి పెర్సల్ఫేట్లు అనే రసాయనాలు, ఆ దుమ్ము పీలిస్తే ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం వస్తుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే లేనివాళ్ళకూ రావచ్చు. మాస్క్ పెట్టుకుని, చెంచాతో నెమ్మదిగా, కిటికీ తెరిచి కలపండి. సాధారణంగా ఒక పాలు పొడికి రెండు పాళ్ళు డెవలపర్, పెరుగంత చిక్కదనం. తల మీద గోకుడు గాయాలు, పుండ్లు, చుండ్రు గీరిన మచ్చలు ఉంటే ఆ రోజు వాయిదా. స్ట్రెయిటెనింగ్ చేయించిన జుట్టుకు నేనైతే బ్లీచ్ పెట్టను, ఎవరెంత బతిమాలినా.

మన దగ్గర అసలు ఇబ్బంది ఫ్యాన్. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో నలభై దాటిన ఎండ, ఏసీ లేని గది, నెత్తి మీద గిర్రున తిరిగే ఫ్యాన్. ఆ గాలికి బ్లీచ్ పైపైన ఆరి పొరలుగా రాలుతుంది, ఆరిన బ్లీచ్ పనిచేయడం మానేస్తుంది. ఇంకోవైపు, కప్పి ఉంచిన చోట గది వేడికి మామూలు కంటే త్వరగా కదులుతుంది. అందుకే గాలికి వదిలేసే పద్ధతుల కంటే ఫాయిల్ మంచిది, లేకపోతే పైన పలచటి ప్లాస్టిక్ కవర్ వేయండి. ఎండాకాలంలో 20 వాల్యూమ్ దాటకండి, హీటర్లు, స్టీమర్లు అసలే వద్దు.

హైలైట్స్‌కి, అంటే అక్కడక్కడా పాయలు మాత్రమే లేతగా చేయడానికి, తోక దువ్వెనతో పలచటి పాయ తీసి, ఒకటి విడిచి ఒకటిగా వెంట్రుకలు ఏరి, కింద ఫాయిల్ పెట్టి, కుదురుకు కొంచెం ఎడంగా బ్లీచ్ మొదలుపెట్టి కిందికి పూసి మడవండి. కుదురును తాకేలా నిండా పూస్తే అది ఉబ్బి పక్కకు కారుతుంది, పాపిట పక్కన పులి మచ్చలు పడతాయి. వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు రండి, ముందు జుట్టు సన్నం, త్వరగా లేస్తుంది.

ఐదు నిమిషాలకోసారి మొదట కట్టిన ఫాయిల్ విప్పి, టిష్యూతో బ్లీచ్ తుడిచి చూడండి, తుడవకుండా చూస్తే ఎప్పుడూ ఉన్నదానికంటే లేతగా కనిపిస్తుంది. మీకు కావాల్సిన మెట్టు రాగానే కడిగేయండి. రాకపోయినా డబ్బా మీద ఉన్న గరిష్ఠ సమయం దాటొద్దు, ఎక్కువ వాటికి 45, 50 నిమిషాలే. ఫాయిల్ చేతికి వేడిగా తగిలినా, కస్టమర్ మంట అన్నా చర్చ లేకుండా కడిగేయాలి. మిగతా మెట్లు లేపడం ఇంకో నెల తర్వాత, జుట్టు కోలుకున్నాక.

కడిగే నీళ్ళ గురించి ఒక మాట. మధ్యాహ్నం రెండు గంటలకు మేడ మీద నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. బ్లీచ్ పెట్టిన తల మీద అవి పోస్తే ఆ మనిషి మళ్ళీ మీ గడప తొక్కదు. పొద్దున్నే రెండు పెద్ద బకెట్లు పట్టి నీడలో పెట్టుకోండి. కరెంటు పోయినా పనికొస్తాయి.

టోనర్

కడిగాక ఉన్న రంగు పచ్చిగా ఉంటుంది, దాన్ని సరిచేసేది టోనర్. నారింజను నీలం అణుస్తుంది, పసుపును ఊదా అణుస్తుంది, ఎరుపును ఆకుపచ్చ. ఏడో లెవెల్ దాకా లేచిన నారింజ-పసుపు మీద యాష్ కలిసిన 7 షేడో 6 షేడో పనిచేస్తుంది. దాని మీద 9 లెవెల్ బేజ్ (ఇసుక రంగు) పెడితే ఏమీ కనపడదు, టోనర్ లేపదు కాబట్టి కింద ఉన్న లెవెల్‌కే పెట్టాలి. ఊదా షాంపూ కూడా నారింజ జుట్టుకు దండగ, అది పసుపుకు మాత్రమే. టవల్‌తో ఒత్తి తడి తగ్గించి, 10 వాల్యూమ్ గానీ అంతకంటే తక్కువ డెవలపర్‌తో కలిపి పూసి అక్కడే నిలబడి చూడండి. కొన్ని తలలకు ఐదు నిమిషాలే చాలు, ఆలస్యమైతే మట్టి రంగు తిరుగుతుంది.

చివర్లో పీహెచ్ తక్కువ ఉన్న పోస్ట్-కలర్ షాంపూ, కండిషనర్. కలర్, బ్లీచ్ క్షార గుణంవి, జుట్టు పొలుసులు తెరుచుకుని ఉంటాయి, వీటితో మళ్ళీ మూసుకుంటాయి. ఇంటికెళ్ళి రెండు రోజులు తలంటుకోవద్దని, వేన్నీళ్ళు వద్దని, ఎండలో స్కూటీ మీద పోయేటప్పుడు చున్నీ కట్టుకోమని చెప్పండి. ఎరుపు, కాపర్ షేడ్లు అన్నింటికంటే త్వరగా వెలిసిపోతాయని కూడా ముందే చెబితే నెలకు ఫోన్ చేసి తిట్టరు.

మిగిలిపోయిన కలర్ దాచకండి. కలిపాక గాలి తగిలి పాడవుతుంది, మూత బిగిస్తే గ్యాస్ నిండి పేలుతుంది కూడా. డెవలపర్ సీసాలు ఎండ తగలని చోట, పొట్ట ఉబ్బిన సీసా కనిపిస్తే పారబోయండి. డై పొట్లాలు, ట్యూబులు తాళం వేసిన బీరువాలోనే ఉండాలి. పీపీడీ కడుపులోకి పోతే గొంతు, ముఖం వాచి ఊపిరాడదు, తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి, ఇంట్లో నడిపే పార్లర్లయితే పిల్లలుంటారు, ఇంకా జాగ్రత్త. ఎవరైనా మింగారని తెలిస్తే ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోకుండా ఆ నిమిషమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

ప్రతి కస్టమర్‌కి ఒక కార్డు రాయండి: తేదీ, ప్యాచ్ టెస్ట్ ఎప్పుడు, ఏ ట్యూబు ఎన్ని గ్రాములు, డెవలపర్ ఎంత, ఎన్ని నిమిషాలు, ఏ లెవెల్ దాకా వచ్చింది. నాలుగైదు వారాలకు కుదుళ్ళు పెరిగి టచప్‌కి వచ్చినప్పుడు అదే కార్డు తీసి, కొత్తగా పెరిగిన ముక్కకు మాత్రమే పెట్టండి. పాత బ్లీచ్ మీద కొత్త బ్లీచ్ ఎక్కితే వెంట్రుక సరిగ్గా ఆ గీత దగ్గర తెగుతుంది, తల చుట్టూ పొట్టి వెంట్రుకలు నిలబడతాయి. టచప్ మొదలుపెట్టే ముందు పాత రంగు ఉన్న భాగానికి, గీత దాకా, చిక్కటి కండిషనర్ పూసి పెట్టుకుంటే బ్రష్ కొంచెం జారినా అక్కడ బ్లీచ్ పట్టదు.